మనసు కీడు శంకిస్తే వినండి... ‘ఏం కాదులే’ అంటే మాత్రం!

వానాకాలం. పెనుబల్లిలో ఒక ఇల్లు అనుకోండి. నాలుగేళ్ల బాబుకి నిన్నటి నుంచి జ్వరం. సాయంత్రం డాక్టరుకు చూపించి తెచ్చారు. వైరల్ జ్వరమే, సిరప్ వేయండి అన్నారు. వేస్తే ఒళ్లు కాస్త చల్లబడింది కూడా. రాత్రి పదిన్నరకు నాయనమ్మ వాడి పక్క మీది నుంచి లేచి వచ్చింది.

‘‘అమ్మాయ్, నాకెందుకో వీడి వాలకం నచ్చట్లేదు. ఎంత జ్వరమున్నా ఫోన్‌లో బొమ్మలు పెడితే కళ్లు తెరిచేవాడు. ఇప్పుడు పిలిచినా ఇటు తిరగట్లేదు.’’

‘‘జ్వరం తగ్గింది కదా అత్తయ్యా! పొద్దున్నే తీసుకెళ్దాంలెండి.’’

బయట వాన. సత్తుపల్లి వెళ్లాలన్నా ఈ వేళప్పుడు కారు మాట్లాడాలి. ఖమ్మం అంటే కల్లూరు, తల్లాడ, వైరా దాటుకుంటూ పోవాలి. థర్మామీటరు ఫర్వాలేదంటోంది. పెద్దావిడ మనసు ఒప్పుకోవట్లేదు. మీరైతే ఎవరి మాట వింటారు?

నాయనమ్మ మాటే వినండి. పెద్దల మీద గౌరవంతో చెబుతున్న మాట కాదిది. బెల్జియంలోని ఫ్లాండర్స్ ప్రాంతంలో 3,890 మంది జబ్బు పిల్లలను పరిశీలించి, 2012లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో ఒక అధ్యయనం ప్రచురించారు. డాక్టర్లు పరీక్షించి ‘ప్రమాదమేమీ లేదు’ అనుకున్న పిల్లలు అందులో 3,369 మంది. వారిలో ఆరుగురు తర్వాత తీవ్రమైన ఇన్ఫెక్షన్‌తో ఆస్పత్రి పాలయ్యారు. ఆ ఆరుగురిలో ఇద్దరి విషయంలో, పరీక్షలో ఏమీ దొరక్కపోయినా ‘ఏదో తేడాగా ఉంది’ అని డాక్టరుకు లోపల అనిపించింది. ఆ అనుమానాన్ని పట్టించుకుని ఉంటే ఇద్దరినీ ముందే గుర్తించే వీలుండేది. అలా అనిపించడానికి కారణాలేమిటని చూస్తే పిల్లవాడు మగతగా ఉండటం, నవ్వకపోవడం, ఊపిరిలో తేడా వంటివి కనిపించాయి. వాటితో పాటు మరొకటి గట్టిగా నిలిచింది. ‘ఇంతకుముందు జబ్బు చేసినప్పుడు వీడిలా లేడు’ అన్న తల్లిదండ్రుల ఆందోళన!

అదే అధ్యయనం ఇంకో లెక్క కూడా చెప్పింది. ఆ ఇద్దరిని పట్టుకోవాలంటే, అనుమానం వచ్చి తీరా ఏమీ లేదని తేలే పిల్లలు మరో 44 మంది ఉంటారు. అంటే మనసు చెప్పింది చాలాసార్లు తప్పవుతుంది. తప్పయితే పోయేది కారు కిరాయి, ఒక రాత్రి నిద్ర. ఆ ఖర్చుకు సిద్ధపడాల్సిందే.

ఇంతకీ మనసుకెలా తెలుస్తుంది? ఇందులో మహిమ ఏమీ లేదు. స్టవ్ మీద పోపు చిటపటల చప్పుడు మారగానే, మాడు వాసన రాకముందే మీ చెయ్యి గరిట మీదకు వెళ్తుంది. వందలసార్లు చూసిన పని కాబట్టి మెదడు తేడాను ముందే పట్టేస్తుంది. మాటల్లో చెప్పడం ఆ తర్వాత. నాయనమ్మ దగ్గర ఈ పిల్లాడి నాలుగేళ్ల రాత్రులున్నాయి. డాక్టరు దగ్గరున్నది అయిదు నిమిషాలు. డేనియల్ కానమన్, గ్యారీ క్లెయిన్ అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు ఈ విషయంలో చెరో దారి. అయినా 2009లో కలిసి రాసిన వ్యాసంలో ఒక మాట మీద ఏకీభవించారు. ఒక పద్ధతిలో నడిచే విషయమై ఉండి, దాన్ని మళ్లీ మళ్లీ చూసి, ఫలితం తెలుసుకున్నప్పుడే మనసు మాటను నమ్మొచ్చని.

ఈ షరతు మర్చిపోతేనే ప్రాణం మీదకొస్తుంది. ఎందుకంటే అదే మనసు ‘ఏం కాదులే’ అని కూడా అంటుంది.

కట్ల పామునే తీసుకోండి. ఎక్కువగా రాత్రిపూట, నేల మీద పడుకున్నవారిని కాటేస్తుంది. గాటు కనిపించకపోవచ్చు. నొప్పి, వాపు పెద్దగా ఉండవు. ఏ పురుగో కుట్టిందనుకుని మళ్లీ నిద్రపోతారు. కొన్ని గంటలకు కడుపునొప్పి, రెప్పలు వాలిపోవడం, మింగలేకపోవడం, చివరికి ఊపిరి అందకపోవడం. పామును ఎన్నోసార్లు చూసిన రైతుకు కూడా కట్ల పాము కాటు అనుభవం ఉండదు. చీమ, దోమ కుట్టిన జ్ఞాపకంతోనే మనసు దాన్ని పోల్చుకుంటుంది. కాబట్టి ఇక్కడ మనసును అడగొద్దు. అనుమానం ఉంటే చాలు, 108కి ఫోన్ చేసి, విరుగుడు ఇంజెక్షన్ ఉన్న ఆస్పత్రికి తీసుకెళ్లమనండి. పసరు, కట్లు, గాట్లు పెట్టడం అంటూ ఆలస్యం చేయొద్దు.

డెంగీ కూడా ఇలాగే మోసం చేస్తుంది. మూడో రోజు నుంచి ఏడో రోజు మధ్యలో జ్వరం దిగుతుంది. ఇంట్లో అందరూ హమ్మయ్య అనుకునే ఆ రోజే జాగ్రత్తగా ఉండాల్సిన రోజు. కడుపులో విపరీతమైన నొప్పి, ఆగని వాంతులు, చిగుళ్ల నుంచి రక్తం, మగత - వీటిలో ఏది కనిపించినా జ్వరం లేదు కదా అని ఊరుకోకూడదు. ఛాతీలో బరువును ‘గ్యాసేలే’ అనుకోవడం, తల బరువుగా లేదు కాబట్టి బీపీ లేదని మాత్ర మానేయడం కూడా ఇదే కోవలోకి వస్తాయి. రెండోది నేనూ చేసినవాణ్నే. బీపీ ఎంతుందో పరికరం చెప్పాలి తప్ప ఒళ్లు చెప్పదని ఆలస్యంగా తెలిసింది.

మరి ప్రతి దగ్గుకూ గుండె దడదడలాడేవారి సంగతి? ఒక చిన్న పరీక్ష ఉంది. ‘మామూలుగా ఇలా ఉంటాడు, ఇప్పుడు ఇలా ఉన్నాడు’ అనే వాక్యం పూర్తి చేసి చూడండి. పూర్తయితే అది గమనింపు. పూర్తికాకుండా, అర్ధరాత్రి ఫోన్‌లో జబ్బుల గురించి చదివాక మొదలైన భయమైతే, ఇంట్లో నిదానంగా ఉండే మనిషిని ఒకసారి పిల్లాణ్ని చూడమనండి. కుడి కన్ను అదరడం, పీడకల రావడం ఈ లెక్కలోకి రావు. ఇక ఫిట్స్ వచ్చినా, ఊపిరి తీస్తుంటే డొక్కలు లోపలికి పోతున్నా, ఏమీ తాగలేకపోతున్నా, లేపినా లేవకపోయినా ఏ పరీక్షా అక్కర్లేదు. వెంటనే బయల్దేరండి.

ఆస్పత్రిలో ‘భయంగా ఉందండీ’ అంటే డాక్టరుకు చేతికి దొరికేదేమీ ఉండదు. ఏం మారిందో చెప్పండి. మూత్రం ఎప్పుడు పోశాడు, ఏం తాగాడు, ఎప్పటి నుంచి మగతగా ఉన్నాడు. కాగితం మీద రాసుకెళ్లినా తప్పులేదు. తృప్తి కలగకపోతే ‘ఇంకోసారి చూడండి’ అని మర్యాదగా అడగండి. ఇంగ్లండ్‌లో 2021లో మార్తా మిల్స్ అనే 13 ఏళ్ల అమ్మాయి ఆస్పత్రిలోనే సెప్సిస్‌తో చనిపోయింది. పరిస్థితి బాగాలేదని తల్లిదండ్రులు చెబుతూనే ఉన్నారు. ఆ తర్వాత 2024 నుంచి, కుటుంబం అడిగితే వేరే వైద్య బృందం వచ్చి రోగిని చూసేలా అక్కడి ఆస్పత్రుల్లో ‘మార్తాస్ రూల్’ అమలు మొదలుపెట్టారు. మన దగ్గర అలాంటి నియమం కోసం ఎదురుచూడకుండానే అడగొచ్చు.

పెనుబల్లి ఇంటికి కారు వచ్చిందనుకుందాం. ‘ఈ వానలో నువ్వెందుకమ్మా’ అని నాయనమ్మను వదిలేసి వెళ్లకండి. డాక్టరు అడగబోయే ప్రశ్నలకు సగం జవాబులు ఆవిడ దగ్గరే ఉన్నాయి.