పేరు పోయాక కురిసిన వాన

2021 సెప్టెంబరు 26, ఆదివారం సాయంత్రం. శ్రీకాకుళం జిల్లా కళింగపట్నానికి కాస్త ఉత్తరాన గులాబ్ తుపాను తీరం దాటడం మొదలైంది. గాలి వేగం గంటకు 75 నుంచి 85 కిలోమీటర్లు. ముందు రోజు సాయంత్రమే దానికి ఆ పేరు పెట్టారు. సోమవారం తెల్లవారేసరికి అది తీవ్ర వాయుగుండంగా బలహీనపడింది. తుపానుగా బతికింది ఒకటిన్నర రోజే.

సముద్రంలో చిక్కుకున్న శ్రీకాకుళం మత్స్యకారులు ప్రాణాలు కోల్పోయారు. విశాఖపట్నంలో విమానాశ్రయం దాకా నీళ్లు చేరాయి. ఆ తర్వాత, తుపాను బలహీనపడిందన్న వార్త వచ్చింది. తీరంలో ఉన్నవాళ్లకు అది ఊరటే. కానీ మహారాష్ట్రలోని నాందేడ్ జిల్లా దెగ్లూర్ లాంటి ఊళ్లకు అసలు కష్టం అప్పుడే బయల్దేరింది.

తుపానుకు హోదా ఇచ్చేది గాలి. మన వాతావరణ శాఖ లెక్కలో గాలి గంటకు 62 కిలోమీటర్లు అందుకుంటేనే తుపాను. తగ్గితే తీవ్ర వాయుగుండం, వాయుగుండం, చివరికి అల్పపీడనం. వానకు ఈ మెట్లతో పని లేదు. నేల మీదికి రాగానే కొండలు, చెట్లు, కట్టడాలు గాలిని అడ్డుకుంటాయి. వేడి సముద్రం నుంచి అందే ఆవిరీ ఆగిపోతుంది. అయితే అప్పటికే మోసుకొచ్చిన తేమ ఎక్కడికి పోతుంది? పైగా అది సెప్టెంబరు నెలాఖరు. నైరుతి ఇంకా వెనక్కి మళ్లలేదు, అరేబియా సముద్రం వైపు నుంచి కూడా తేమగాలి వస్తూనే ఉంది. నెలంతా కురిసిన వానలకు నేల తడిసి ముద్దై ఉంది. కొత్తగా పడిన చినుకుకు ఇంకే చోటు లేదు.

27న హైదరాబాద్ తడిసింది. 28న తెలంగాణ ప్రభుత్వం సెలవు ప్రకటించింది. అదే రోజు మరాఠ్వాడా మునిగింది. బీడ్ జిల్లాలోని మాంజరా డ్యాం 18 గేట్లూ ఎత్తేశారు. ఉస్మానాబాద్, లాతూర్ జిల్లాల్లో నీళ్లు చుట్టుముట్టిన వాళ్లను కాపాడటానికి జాతీయ విపత్తు స్పందన దళం, హెలికాప్టర్లు దిగాల్సి వచ్చింది. నాందేడ్ నుంచి నాగ్‌పూర్ వెళ్తున్న ఆర్టీసీ బస్సు యవత్మాల్ జిల్లా ఉమర్ఖేడ్ దగ్గర పొంగుతున్న వాగులో కొట్టుకుపోయి ప్రయాణికులు చనిపోయారు. ఇంత జరిగిన రోజున వాతావరణ పటం మీద గులాబ్ తుపాను లేదు. ఉన్నది దాని శేషం మాత్రమే.

దెగ్లూర్ తెలంగాణ సరిహద్దు తాలూకా. నాందేడ్ రోడ్డు మీద మద్నూర్ దాటితే వచ్చే ఊరు, మరాఠీతో పాటు తెలుగూ వినిపించే చోటు. ఇక్కడి లెండి నది మంజీరలో కలుస్తుంది. ఆ మంజీరే పైన మాంజరా. బీడ్‌లో వదిలిన నీళ్లు లాతూర్, బీదర్ మీదుగా తెలంగాణలోకి వచ్చి, సింగూరు, నిజాంసాగర్ దాటి, మళ్లీ నాందేడ్ జిల్లా అంచుకు చేరి, కందకుర్తి దగ్గర గోదావరిలో పడతాయి. అంటే ఈ సరిహద్దు పల్లెలకు వాన రెండుసార్లు వస్తుంది: ఒకసారి ఆకాశం నుంచి, కొన్నాళ్లకు ఏటి నుంచి. మూడు రాష్ట్రాల జలాశయాల మధ్య కబురు ఎంత వేగంగా నడిస్తే ఏటిగడ్డ మీది రైతుకు అంత వ్యవధి దొరుకుతుంది. గాలి హెచ్చరిక మీద పెట్టే శ్రద్ధ ఈ కబురు మీదా పెట్టాలి.

    

గులాబ్ శేషం అంతటితో చెదరలేదు. గుజరాత్ మీదుగా అరేబియా సముద్రంలోకి దిగి, అక్టోబరు 1న మళ్లీ తుపానైంది. పాత ఉనికి పోయింది కనుక కొత్త పేరు పెట్టారు: షాహీన్. 3న ఒమన్ ఉత్తర తీరాన్ని తాకి అక్కడా ప్రాణాలు తీసింది. అక్కడి అల్ ఖాబూరా పట్టణంలో 369 మిల్లీమీటర్ల వాన పడింది. నిజామాబాద్, జగిత్యాల పల్లెల నుంచి ఎందరో పొట్టకూటికి వెళ్లే దేశం అది. ఇంటి దగ్గర వాన కురిసిన వారానికే, పని దగ్గరా అదే తుపాను.

దెగ్లూర్‌లో అప్పటికి సోయా కోతల సమయం. కాయ ముదిరాక చేలో నీళ్లు నిలిస్తే గింజ నల్లబడుతుంది, కాయలోనే మొలకెత్తుతుంది. అక్టోబరు 13న మహారాష్ట్ర ప్రభుత్వం 10,000 కోట్ల రూపాయల సాయం ప్రకటించింది. వర్షాధార భూమికి హెక్టారుకు 10,000, నీటి వసతి ఉన్న భూమికి 15,000, రెండు హెక్టార్ల వరకే. మెట్ట రైతుకు ఎకరానికి నాలుగు వేలన్న మాట. విత్తనం, ఎరువు, మందు, కూలి లెక్కేస్తే పెట్టుబడికీ చాలని డబ్బు అది.