ప్రోటాన్ స్పిన్ లెక్క ఎందుకు తేలట్లేదు? ఒక జపాన్ టీమ్ కథ

ఎమ్మారై స్కాన్ గురించి వినే ఉంటారు. మన ఒంట్లోని నీళ్లలో హైడ్రోజన్ ఉంటుంది, దాని మధ్యలో ప్రోటాన్ ఉంటుంది. ఆ ప్రోటాన్‌కి ఉన్న స్పిన్ వల్లే ఆ స్కాన్ పనిచేస్తుంది. అంటే హాస్పిటల్లో రోజూ వాడేస్తున్నాం. కానీ ఆ స్పిన్ ఎక్కడి నుంచి వస్తుందో ఇప్పటికీ పూర్తిగా తేలలేదు!

స్పిన్ అంటే బొంగరం తిరగడం లాంటిది అనుకోండి. నిజంగా అలా తిరగదు, పోలిక మాత్రమే. ప్రోటాన్ లోపల మూడు క్వార్కులు ఉంటాయని చదువుకున్నాం కదా. వాటి స్పిన్‌లు కలిపితే ప్రోటాన్ స్పిన్ వచ్చేస్తుందనుకున్నారు. 1980ల చివర్లో యూరప్‌లోని సెర్న్‌లో కొలిచి చూస్తే, క్వార్కుల వాటా చాలా తక్కువ వచ్చింది! ఇప్పటి లెక్క ప్రకారం సుమారు 30 శాతం. మరి మిగతాది ఎవరిది?

అనుమానం గ్లూవాన్ల మీదకి వెళ్లింది. క్వార్కుల్ని అంటిపెట్టుకునేలా చేసేవి ఇవే. వీటికి కరెంట్ ఛార్జ్ ఉండదు కాబట్టి ఎలక్ట్రాన్‌తో కొడితే నేరుగా దొరకవు. అందుకే ప్రోటాన్‌ని ఇంకో ప్రోటాన్‌తో కొట్టడం మంచి దారి. అది కూడా రెండింటి స్పిన్ ఎటు ఉందో మనకి తెలిసి ఉండాలి.

ఇక్కడే జపాన్ పరిశోధన సంస్థ రికెన్ ఎంటరయింది. న్యూయార్క్ దగ్గర బ్రూక్‌హేవెన్ ల్యాబ్‌లో రిక్ అనే కొలైడర్‌ని కట్టారు, 3.8 కిలోమీటర్ల రింగు. 1995లో ఆ ల్యాబ్‌తో రికెన్ ఒప్పందం చేసుకుంది.

అసలు కష్టం ఏంటంటే, ప్రోటాన్ ఆ రింగులో సెకనుకు దాదాపు 78 వేల రౌండ్లు కొట్టేది. ప్రతి రౌండ్‌లో అయస్కాంతాల వల్ల స్పిన్ కొంచెం పక్కకి జరుగుతుంది. ఉయ్యాలని సరైన టైంలో చిన్నగా నెడుతూ ఉంటే ఎంత పైకి పోతుందో, అలాగే ఆ చిన్న చిన్న తోపులన్నీ కలిసి స్పిన్‌ల వరస మొత్తం చెదిరిపోతుంది.

దీనికి మందు 'సైబీరియన్ స్నేక్'. ఐడియా రష్యా శాస్త్రవేత్తలది. మెలితిరిగిన అయస్కాంతాల వరస ఇది. దీంట్లోంచి వెళ్లేటప్పుడు ప్రోటాన్ పాములా వంకర్లు తిరిగి మళ్లీ దారిలోకి వస్తుంది, స్పిన్ మాత్రం తలకిందులవుతుంది. అంతే, ముందు పడిన తోపుని తర్వాతి తోపు కొట్టేస్తుంది! రిక్‌లో ఈ స్నేక్‌లకి డబ్బు పెట్టింది రికెనే. ఫీనిక్స్ అనే డిటెక్టర్‌లోనూ వాళ్ల చెయ్యి ఉండేది.

తర్వాత పని లెక్కపెట్టడమే. స్పిన్‌లు ఒకే వైపు ఉన్నప్పుడు ఎన్ని కణాలు పుట్టాయి? ఎదురెదురుగా ఉన్నప్పుడు ఎన్ని? ఆ తేడాలో గ్లూవాన్ల వాటా దాగి ఉంటుంది. ఫీనిక్స్, స్టార్ డిటెక్టర్ల డేటా కలిపి చూస్తే, ఆ వాటా సున్నా కాదని 2014లో గట్టి ఆధారం దొరికింది.

లెక్క ఇంకా పూర్తవలేదు. క్వార్కులు, గ్లూవాన్లు లోపల తిరిగే తిరుగుడు వాటా కూడా తేలాలి. అందుకే అదే సొరంగంలో ఎలక్ట్రాన్ అయాన్ కొలైడర్ కట్టాలని ప్లాన్.

ఈసారి ఎమ్మారై మెషీన్ చప్పుడు వింటే ఈ పాముల కథ గుర్తు తెచ్చుకోండి. ఉంటా మరి, నెక్స్ట్ ఎపిసోడ్‌లో కలుద్దాం!