ఫోన్‌లో ఆ నీలి చుక్క నిజంగా ఎక్కడుంది?

హోసూరు నుంచి బెంగళూరుకు రోజూ వెళ్లొచ్చే మనవాళ్లకు ఈ అనుభవం కొత్త కాదు. సిల్క్ బోర్డు దగ్గర్నుంచి ఎలక్ట్రానిక్ సిటీ దాకా దాదాపు 10 కిలోమీటర్లు, పైన టోల్ వంతెన, సరిగ్గా దాని కిందే మామూలు రోడ్డు. మనం కింద ట్రాఫిక్‌లో ఇరుక్కుని హారన్లు వింటుంటే, యాప్‌లో మన బండి పైన హాయిగా దూసుకుపోతూ ఉంటుంది. యాప్ ఎందుకిలా పొరబడుతుందో తెలుసుకుంటే చాలా గొడవలు అర్థమవుతాయి. కిలోమీటర్ల లెక్కన డబ్బు తీసుకునే క్యాబ్, ఆటో, డెలివరీ పనుల్లో మన ఇళ్ల పిల్లలు ఎందరో ఉన్నారు కదా.

ఫోన్ దగ్గర రెండు రకాల చుక్కలుంటాయి. మొదటిది ముడి చుక్క. సుమారు 20,200 కిలోమీటర్ల ఎత్తున తిరిగే జీపీఎస్ ఉపగ్రహాల సంకేతం మన చేతికి చేరడానికి పట్టిన సమయాన్ని కొలిచి కట్టిన లెక్క ఇది. ఆ సమయంలో సెకనులో పదిలక్షవ వంతు తేడా వస్తే 300 మీటర్లు తప్పినట్టే. బయలు ప్రదేశంలో మంచి ఫోన్ 5 మీటర్ల లోపు చెబుతుంది. ఎత్తైన భవనాల మధ్య సంకేతం గోడలకు కొట్టుకుని వస్తుంది కాబట్టి చుక్క పక్క వీధిలోకి గెంతుతుంది. ఎత్తు విషయంలో పొరపాటు ఇంకా ఎక్కువ. అందుకే వంతెన పైనా కిందా అన్నది తేలదు.

రెండోది, మ్యాప్‌లోని రోడ్డుకు అతికించిన చుక్క. దీన్నే మ్యాప్ మ్యాచింగ్ అంటారు. దగ్గర్లో ఉన్న రోడ్డు మీదికి లాగేస్తే సరిపోదా అనిపిస్తుంది. సరిపోదు. పక్కపక్కనే సర్వీస్ రోడ్డు, హైవే ఉన్నచోట చుక్క కప్పలా అటూ ఇటూ గెంతుతుంది. మైక్రోసాఫ్ట్ పరిశోధకులు పాల్ న్యూసన్, జాన్ క్రమ్ 2009లో ప్రచురించిన పద్ధతి ఇప్పటికీ చాలామందికి ఆధారం. అందులో ప్రతి చుక్కకూ దగ్గరున్న రోడ్లన్నీ అభ్యర్థులే. ఒక అభ్యర్థి నుంచి తర్వాతి అభ్యర్థికి రోడ్డు మీద పోవాల్సిన దూరం, రెండు చుక్కల మధ్య నేరుగా ఉన్న దూరానికి ఎంత దగ్గరగా ఉందో చూస్తారు. మొత్తం ప్రయాణానికి బాగా పొసిగే వరసను ఎంచుకుంటారు. ప్రయాణం ముగిశాక చేస్తే ఇది ఇంకా బాగా కుదురుతుంది, ఎందుకంటే ముందు చుక్కలే కాదు, వెనకాల వచ్చినవీ చేతిలో ఉంటాయి.

ఇక డబ్బుల సంగతి. ముడి చుక్కలన్నీ కలుపుతూ దూరం కూడితే, ఆగి ఉన్న బండి కూడా నడుస్తుంది. హోటల్ ముందు పార్సిల్ కోసం గంట నిలబడ్డ బండిలో ఫోన్ 5 సెకన్లకోసారి చుక్క పెట్టి, ఒక్కోసారి 2 మీటర్లు కదిలినట్టు చూపించిందనుకోండి. 720 చుక్కలు, 1,440 మీటర్లు! దీనికి విరుద్ధం కూడా ఉంది. బ్యాటరీ మిగలడానికి నిమిషానికోసారే చుక్క తీసుకుంటే, 60 కిలోమీటర్ల వేగంలో చుక్కకూ చుక్కకూ మధ్య ఒక కిలోమీటరు. ఘాట్ రోడ్డు మలుపులన్నీ గీతలో మాయమై డ్రైవరు నష్టపోతాడు. రోడ్డుకు అతికించిన లెక్క ఈ రెండు తప్పులనూ చాలావరకు సరిదిద్దుతుంది.

అలాగని అతికించిన చుక్కనే అన్నిటికీ నమ్మితే ముప్పే. మ్యాప్‌లో లేని కొత్త రోడ్డు మీద పోతే అది మనల్ని పాత రోడ్డు మీద కూర్చోబెడుతుంది. పొలం గట్టున నడుస్తూ హద్దులు కొలిచేవారికి ముడి చుక్కే కావాలి. లేకపోతే గట్టు కాస్తా పక్కనున్న డొంకదారి మీదికి పోతుంది. (ఆ ముడి చుక్కతోనైనా దాయాదుల తగువు తీర్చుకోవద్దు, 5 మీటర్ల తేడా అంటే మాటలా!) యానాం వారికి ఇంకో చిక్కు. చుట్టూ ఆంధ్రప్రదేశ్, మధ్యలో పుదుచ్చేరి. సరిహద్దుకు ఆనుకున్న వీధిలో చుక్క కాస్త జరిగితే చాలు, యాప్‌కు రాష్ట్రమే మారిపోతుంది.

యాప్‌లు రాసే మన పిల్లలకు ఒక మాట. సరిదిద్దిన చుక్కను ముడి చుక్క మీద రాసి చెరిపేయకండి. రెండూ విడిగా, సమయంతో, ఖచ్చితత్వం అంకెతో దాచండి. ఆండ్రాయిడ్ ఇచ్చే ఆ అంకె గట్టి హామీ కాదు. 10 మీటర్లు అంటే అసలు స్థానం ఆ వృత్తంలో ఉండే అవకాశం 68 శాతమే. మూడింట ఒకసారి బయటే ఉండొచ్చు. ఈ రెండు రికార్డులూ ఉంటేనే రేపు డ్రైవరు "నేను పోయిన దారి ఇది కాదు సార్" అన్నప్పుడు చూడ్డానికి ఏదైనా మిగులుతుంది.

డ్రైవర్లు, కస్టమర్లు ఫిర్యాదు చేసేముందు ఫోన్ సెట్టింగుల్లో ఒకటి చూసుకోవాలి. ఆండ్రాయిడ్ 12 నుంచి యాప్‌కు సుమారు స్థానం మాత్రమే ఇచ్చే వీలుంది. అది ఎంచుకుని ఉంటే చుక్క కిలోమీటరు దూరంలో పడినా వింత లేదు. ఖచ్చిత స్థానం ఆన్ చేసి, ఆరుబయట ఒక నిమిషం నిలబడి, అప్పుడు చూడండి. అయినా లెక్క తేడాగా ఉంటే బిల్లు అంకెతో ఆగకుండా, ఆ ప్రయాణం గీతను మ్యాప్‌తో సహా అడగండి.