వంశమున వచ్చు గుండె కండరపు జబ్బు

నిన్నటి వరకు అరక దున్నిన పడుచువాడు ఉన్నట్టుండి కుప్పకూలి మరణించినచో, గాలి సోకినదనియు, చేతబడి జరిగినదనియు గ్రామములలో అనుకొనుట మేము వినుచునే యున్నాము. కొన్నేండ్లకు అదే యింట మరొకరు అటులనే పోయినచో ఆ యింటిపై నింద స్థిరపడును. ఇట్టి మరణములలో కొన్నింటికి కారణము పుట్టుకతో సంక్రమించు గుండె కండరపు జబ్బు.

ఈ జబ్బున గుండె గోడ కొందరికి మందమగును. అపుడు రక్తము నిండుట కష్టము. మరికొందరికి గుండె గది సాగి వదులగును. అపుడు రక్తమును నెట్టుట కష్టము. లోపము పుట్టుకతోనే యున్నను పెక్కుమందికి నడివయస్సు వరకు ఏమియు తెలియదు. పిదప ఆయాసము, దడ, పాదముల వాపు, పనిచేయుచు సొమ్మసిల్లుట కనిపించును. ఏండ్లు గడచిన కొలది గుండె నీరసించును. లయ తప్పి, లోపల రక్తము గడ్డకట్టి, పక్షవాతము కూడ రావచ్చును.

హైదరాబాదులోని సి.సి.ఎం.బి. పరిశోధనాలయమునకు చెందిన డాక్టరు కుమారసామి తంగరాజ్ తదితర శాస్త్రజ్ఞులు 2009లో ఒక ముఖ్య విషయము ప్రకటించిరి. గుండె కండరమునకు వలసిన ఒక మాంసకృత్తును తయారుచేయు జన్యువులో 25 అక్షరముల తునక లోపించుట మన దేశీయులలో నూటికి సుమారు నలుగురియందు కలదట. అది ఉన్నవారందరికి జబ్బు రాదు. వచ్చు అవకాశము హెచ్చు. తల్లి నుండియు తండ్రి నుండియు సంక్రమించిన బిడ్డలకు మాత్రము చిన్నతనముననే తీవ్రముగా రాగలదు. నొచ్చుకొనువారున్నను చెప్పక తప్పదు: మేనరికములలో ఈ ప్రమాదము పెరుగును.

తుంగతుర్తి ప్రాంత పంచాయతీ సభ్యులకు ఇందు పని కలదు. జనన మరణముల రిజిస్టరు మీ కార్యాలయముననే యుండును. ఒకే కుటుంబమున చిన్న వయస్సువారి ఆకస్మిక మరణములు రెండు కనిపించినచో, మిగిలిన తోబుట్టువులను, బిడ్డలను ఆశా కార్యకర్త తోడుగా సూర్యాపేట ప్రభుత్వ ఆసుపత్రికి పంపుడు. అవసరమైనచో అచ్చటి వైద్యులు హైదరాబాదులోని నిమ్స్, ఉస్మానియా, గాంధీ ఆసుపత్రులకు వ్రాసి పంపుదురు. ఇ.సి.జి., ఎకో పరీక్షలలో కోత లేదు, నొప్పి లేదు. ఒకసారి బాగున్నదన్నను, కొన్నేండ్లకు మరల చేయించుకొనవలెను.

జబ్బు తేలినవారు ఆయాసము తగ్గినదని మాత్రలు మానరాదు. కల్లు, సారా విడువవలెను. కబడ్డీ పోటీలకు, బరువు మోతలకు వైద్యుని అనుమతి పొందవలెను. ఆకస్మిక మరణ భయము హెచ్చుగా నున్నవారికి ఛాతీలో అమర్చు చిన్న పరికరము, లయ తప్పినపుడు విద్యుత్తు తాకిడినిచ్చి గుండెను దారికి తెచ్చును.

ఎవరిని పరీక్షకు పంపినదియు రచ్చబండ వద్ద చెప్పకుడు. పెండ్లి కావలసిన పిల్ల యున్న యింటివారు ఆ మాటకు జంకి పరీక్షయే మానుదురు.