ఊరికే ఎందుకిస్తారు? ఎంతిస్తారు?

డబ్బులు ఎవరికీ ఊరికే రావని టీవీలో నగల దుకాణం యజమాని చెప్పే మాట తెలుగిళ్లలో పిల్లలకు కూడా కంఠతా వచ్చు. మరి సర్వే నింపితే ఇరవై రూపాయలు, కొన్న చెప్పుల మీద ఎనభై రూపాయలు వెనక్కి, యాప్ పెట్టుకుంటే ఇంకో యాభై. ఇవన్నీ ఎక్కడి నుంచి వస్తున్నాయి? ఇచ్చేవాళ్లకు ఏం లాభం? ఈ ప్రశ్న అడగకపోవడం వల్ల కొందరు అన్నీ మోసాలేనని తేల్చేసి, న్యాయంగా రావాల్సిన నాలుగు రూపాయలు వదులుకుంటున్నారు. మరికొందరు అన్నీ నిజమేనని నమ్మి లక్షలు పోగొట్టుకుంటున్నారు. ఈ రెండోవాళ్లే నా బెంగ. ఇంటిపట్టున ఉండి సొంతంగా ఏదైనా సంపాదించుకోవాలనుకునే ఆడవాళ్లు, డిగ్రీ అయిపోయి ఉద్యోగం కోసం ఎదురుచూసే పిల్లలు, పెన్షన్ మీద బతికే పెద్దవాళ్లు వీళ్లలో ఉన్నారు.

జవాబు కష్టమైనదేమీ కాదు. నిజమైన సైటు మనకు డబ్బు ఇస్తోందంటే మన దగ్గర ఏదో కొంటోందని అర్థం. మన అభిప్రాయం కావచ్చు, మనం చేసే కొనుగోలు కావచ్చు, మనం తెర మీద పెట్టే చూపు కావచ్చు. ఎవరు, ఏం కొంటున్నారో తెలిస్తే ధర ఎందుకంత తక్కువో కూడా తెలిసిపోతుంది.

సర్వేకి డబ్బు ఎవరిస్తారు?

ఒక సబ్బుల కంపెనీ కొత్త సబ్బు తేవాలనుకుంటుంది. జనానికి ఏ వాసన నచ్చుతుందో, ఎంత ధరకు కొంటారో ముందే తెలుసుకోకపోతే నష్టం కోట్లలో ఉంటుంది. అందుకని మార్కెట్ పరిశోధన సంస్థకు పని అప్పగిస్తుంది. ఆ సంస్థకు జవాబులు చెప్పే మనుషులు కావాలి. వాళ్లను సర్వే సైట్లు సమకూరుస్తాయి. కంపెనీ పెట్టిన డబ్బు ఇలా చేతులు మారుతూ, ఒక్కో చోట కొంత తరుగుతూ చివరికి మన దాకా వస్తుంది. 2008లో మొదలైన స్వాగ్‌బక్స్ లాంటి సైట్లు నడిచేది ఎక్కువగా ఈ పద్ధతిలోనే.

మొదటిసారి చేసేవాళ్లకు ఒళ్లు మండే సంగతి ఒకటుంది. ఐదు నిమిషాలు ప్రశ్నలకు జవాబులు చెప్పాక "మీరు ఈ సర్వేకి అర్హులు కారు" అని బయటికి పంపేస్తారు. అది చాలాసార్లు మోసం కాదు. కంపెనీకి కావాల్సింది ఎవరో వెయ్యి మంది కాదు. వాళ్లలో ఇంతమంది ఆడవాళ్లు, ఇంతమంది నలభై దాటినవాళ్లు, ఇంతమంది ఫలానా సబ్బు వాడేవాళ్లు అని లెక్క ఉంటుంది. మీ వయసువాళ్ల కోటా నిండిపోతే మీ జవాబుకు కొనేవాళ్లు లేరు. అలా పంపేసినప్పుడు ఒకటో రెండో పాయింట్లు ఇచ్చే సైట్లున్నాయి, ఏమీ ఇవ్వనివీ ఉన్నాయి. ఇది న్యాయమని నేననను. ఆ ఐదు నిమిషాలూ మనవే కదా. అందుకే లెక్క వేసేటప్పుడు వాటిని కూడా కలపాలి. పదిహేను నిమిషాల సర్వేకి ఇరవై రూపాయలనుకుందాం. పైకి చూస్తే గంటకు ఎనభై. దానికి ముందు చెరో ఐదు నిమిషాలు తిని రెండు సర్వేలు వెనక్కి పంపేసి ఉంటే ఇరవై రూపాయలకు పట్టిన సమయం ఇరవై ఐదు నిమిషాలు. అంటే గంటకు నలభై ఎనిమిది. ఈ అంకె మీకు సరిపోతుందా లేదా అన్నది మీరే తేల్చుకోవాలి. బస్సు కోసం నిలబడినప్పుడు సరిపోవచ్చు. దాన్నే జీవనాధారం అనుకుంటే మాత్రం ఏ ఊళ్లోనూ సరిపోదు.

మధ్యలో "ఈ ప్రశ్నకు మూడో జవాబు ఎంచుకోండి" లాంటి వింత వాక్యాలు ఎందుకొస్తాయి? చదవకుండా నొక్కుకుంటూ పోయేవాళ్లను పట్టుకోవడానికి. దీనికి పాత చరిత్రే ఉంది. 1999లో అమెరికాలో ఆల్‌అడ్వాంటేజ్ అనే సంస్థ, తెర అడుగున ప్రకటనల పట్టీ పెట్టుకుని ఇంటర్నెట్ చూస్తే చాలు, గంటకు అర డాలరు చొప్పున ఇస్తామంది. లక్షల మంది చేరారు. మనిషి లేకుండానే మౌస్‌ను కదిలిస్తూ ఉండే చిన్న ప్రోగ్రాములు కూడా పుట్టుకొచ్చాయి. చూసేవాడు లేని ప్రకటనకు డబ్బెవరిస్తారు? ప్రకటనల ఆదాయం కూడా పడిపోయి 2001లో సంస్థ మూతపడింది. ఆనాటి నుంచి ఈ రంగంలో ఉన్నవాళ్లంతా అవతల నిజంగా మనిషే ఉన్నాడా, నిజమే చెబుతున్నాడా అని చూసుకుంటూనే ఉన్నారు. గూగుల్ సర్వే యాప్ ఒపీనియన్ రివార్డ్స్ కూడా అంతే. ఫలానా చోటికి వెళ్లారా అని అడుగుతుంది. వెళ్లకపోయినా వెళ్లానని చెబితే సర్వేలు రావడం తగ్గిపోతుంది. మన దేశంలో అది ఇచ్చేది చేతికందే నగదు కాదు, ప్లే స్టోర్‌లో వాడుకునే మొత్తం. ఏడాదిలో వాడకపోతే అదీ పోతుంది.

క్యాష్‌బ్యాక్ ఎలా వస్తుంది?

ఎలాగూ కొనాల్సిన వస్తువైతే, ఈ దారులన్నిటిలో నాకు మేలనిపించేది ఇదే. ఆన్‌లైన్ దుకాణాలు తమకు గిరాకీ తెచ్చినవాళ్లకు కమీషన్ ఇస్తాయి. అమెజాన్ ఈ పద్ధతిని 1996లోనే మొదలుపెట్టింది. మన దేశంలో 2013లో వచ్చిన క్యాష్‌కరో లాంటి సైట్లు ఆ కమీషన్‌లో కొంత ఉంచుకుని మిగతాది కొన్నవారికే ఇస్తాయి. రెండు వేల రూపాయల చెప్పులు, దుకాణం ఇచ్చే కమీషన్ ఆరు శాతం అనుకుందాం. నూట ఇరవై రూపాయల్లో నలభై సైటుకు, ఎనభై మీకు.

ఆ ఎనభై వెంటనే ఎందుకు రాదు? చెప్పులు కాలికి పట్టకపోతే మీరు వెనక్కి పంపేయవచ్చు కదా. వాపసు గడువు దాటి, అమ్మకం ఖాయమయ్యాకే దుకాణం కమీషన్ లెక్క తేలుస్తుంది. అందుకే నెల, రెండు నెలలు, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువ రోజులు "పెండింగ్" అని కనిపిస్తుంది. కొన్నిసార్లు అసలు నమోదే కాదు. మీరు ఎవరి లింకు నుంచి వచ్చారో దుకాణానికి తెలిసేది మీ బ్రౌజర్‌లో పడే కుకీ అనే చిన్న గుర్తు వల్ల. యాడ్ బ్లాకర్ ఉంటే ఆ గుర్తు పడకపోవచ్చు. ఇంకోటి, సాధారణంగా ఆఖరున నొక్కిన లింకుదే కమీషన్. క్యాష్‌బ్యాక్ సైటు నుంచి దుకాణంలోకి వెళ్లి, మధ్యలో కూపన్ కోసం మరో సైటు తెరిచారంటే ఆ కమీషన్ అటు పోతుంది. కాబట్టి కూపన్లు వెతకడం ముందే పూర్తి చేసుకుని, క్యాష్‌బ్యాక్ లింకు చివర్లో నొక్కి, మధ్యలో ఇంకేదీ తెరవకుండా డబ్బు కట్టేయాలి. ఆర్డర్ నంబరు దాచుకోండి, నమోదు కాకపోతే అడగడానికి ఆధారం అదే.

అమ్మకం జరిగినందుకు దుకాణం, ఎనభై వెనక్కి వచ్చినందుకు మీరు, ఇద్దరూ సంతోషమే. అవసరం లేని చెప్పులకు ఖర్చయిన రెండు వేలు మాత్రం ఈ లెక్కలో ఎక్కడా కనిపించవు. అది మీరే వేసుకోవాలి.

యాప్ పెట్టుకుంటేనే డబ్బెందుకు?

కొత్త వాడుకదారును తెచ్చుకోవడానికి ప్రతి సంస్థకూ ఖర్చవుతుంది. ఆ ఖర్చును టీవీ ప్రకటనకు పెట్టే బదులు నేరుగా మనకే ఇస్తున్నారు, అంతే. 2017లో గూగుల్ తేజ్ పేరుతో యూపీఐ యాప్ తెచ్చినప్పుడు ఒకరిని చేర్పిస్తే 51 రూపాయలిచ్చింది. అదే తర్వాత గూగుల్ పే అయింది. 2019 దీపావళికి ఐదు స్టాంపులు కూడబెడితే 251 రూపాయలంటే, దొరకని ముగ్గు స్టాంపు కోసం ఇళ్లలో, ఆఫీసుల్లో ఒకళ్లనొకళ్లు అడుక్కున్న సంగతి చాలామందికి గుర్తుండే ఉంటుంది. జనానికి అలవాటయ్యాక స్క్రాచ్ కార్డుల్లో రూపాయలు తగ్గి కూపన్లు పెరిగాయి. అలవాటు చేయడం కోసం పెట్టిన ఖర్చు, ఆ పని అయిపోయాక ఆగిపోవడం సహజమే. తమిళనాడులో 1979 నాటి బహుమతి పథకాల నిషేధ చట్టం ఉండటంతో అక్కడివాళ్లకు ఈ స్క్రాచ్ కార్డులు వర్తించవన్న షరతు కూడా పెట్టారు. షరతులు చదవడం ఎందుకో దీన్నిబట్టి తెలుస్తుంది.

మైక్రోసాఫ్ట్ రివార్డ్స్‌దీ ఈ దారే. 2010లో బింగ్ రివార్డ్స్‌గా మొదలైంది. జనం గూగుల్‌కు అలవాటుపడి ఉంటే, తమ బింగ్‌లో వెతికినందుకు పాయింట్లు ఇస్తోంది. వెతుకులాట పక్కన పడే ప్రకటనల ఆదాయంలోంచే ఈ పాయింట్లు.

నగదు కాకుండా గిఫ్ట్ కార్డులే ఎందుకిస్తారని చాలామంది అడుగుతారు. టోకున కొంటే సైటుకు అవి తక్కువకు రావచ్చు, వాటితో మనం మళ్లీ దుకాణానికే వెళతాం. ఇంత మొత్తం చేరితేనే తీసుకోవచ్చన్న నిబంధన వెనక కూడా కారణముంది. సగంలో మానేసినవాళ్ల పాయింట్లు సైటుకే మిగిలిపోతాయి. అందుకని కనీస మొత్తం తక్కువగా ఉన్న సైటునే ఎంచుకుని, అది చేరగానే తీసేసుకోండి. పెద్ద మొత్తం అయ్యేదాకా దాచకండి. పాయింట్లకు వడ్డీ రాదు, గడువు మాత్రం ఉంటుంది.

మోసం ఎక్కడ మొదలవుతుంది?

పైన చెప్పినవన్నీ చిన్న మొత్తాలు. అవి చిన్నవి కావడమే వాటి నిజాయితీకి గుర్తు. ఎవరో లెక్క వేసి, తనకు లాభం ఉండేలా చూసుకుని ఇస్తున్న డబ్బు అంతే ఉంటుంది. యూట్యూబ్ వీడియోకి ఒక లైక్ కొడితే యాభై రూపాయలు, రోజుకు మూడు వేలు అంటూ వాట్సాప్‌లో మెసేజ్ వస్తే, ఆ లైక్‌ను యాభై పెట్టి కొనేవాడెవడని అడగండి. జవాబు దొరకదు.

మోసం నడిచే తీరు దాదాపు ఎప్పుడూ ఒకటే. మొదట నూటయాభయ్యో రెండొందలో నిజంగానే మీ ఖాతాలో వేస్తారు. అది నమ్మకానికి వాళ్లు పెట్టే పెట్టుబడి. తర్వాత టెలిగ్రామ్ గ్రూపులో చేరుస్తారు. అక్కడ "నాకు ఇవాళ ఎనిమిది వేలు వచ్చాయి మేడమ్" అని స్క్రీన్‌షాట్లు పెట్టేవాళ్లంతా వాళ్ల మనుషులే. ఇక "ప్రీపెయిడ్ టాస్క్" వస్తుంది. వెయ్యి కడితే పదమూడు వందలు. ఇస్తారు కూడా. ఆపైన పదివేలు, యాభైవేలు. సైటులో మీ పేరు పక్కన లాభం పెరుగుతూ కనిపిస్తుంది. తీసుకోబోతే ముందు పన్ను కట్టాలంటారు, ఖాతా స్తంభించింది, విడిపించడానికి ఇంకో లక్ష కట్టాలంటారు. పోయినదాన్ని రాబట్టుకోవాలన్న ఆశతోనే మనిషి మళ్లీ మళ్లీ కడతాడు. 2023 జులైలో హైదరాబాద్ పోలీసులు బయటపెట్టిన ఇలాంటి ముఠా కొల్లగొట్టింది 712 కోట్ల రూపాయలు, దేశమంతటా బాధితులు 15 వేల మందికి పైగా. రేటింగులు, రివ్యూలు ఇచ్చే పార్ట్‌టైమ్ పనితోనే అది మొదలైంది.

కాబట్టి గీత ఎక్కడుందో స్పష్టమే. డబ్బు ఇవ్వడానికి ముందు డబ్బు అడిగితే అక్కడితో ఆపేయాలి. రిజిస్ట్రేషన్ ఫీజు, డిపాజిట్, పన్ను, పేరు ఏదైనా సరే. డబ్బు మన ఖాతాలోకి రావడానికి యూపీఐ పిన్ కొట్టనక్కర్లేదు. ఓటీపీ చెప్పనక్కర్లేదు. చిన్న సర్వే కోసం ఆధార్, పాన్ ఫొటోలు పంపనక్కర్లేదు.

ఇంకొక సంగతి, ఇది కాలేజీ పిల్లలకు తప్పక చెప్పాలి. "మీ బ్యాంకు ఖాతా వారం రోజులు వాడుకుంటాం, కమీషన్ ఇస్తాం" అనే ఆఫరు ఉద్యోగం కాదు. పైన చెప్పిన బాధితుల డబ్బు పారేది అలాంటి ఖాతాల్లోంచే. పోలీసులు మొదట వచ్చేది ఖాతా ఎవరి పేరున ఉందో వాళ్ల ఇంటికి.

డబ్బు పెట్టి ఆన్‌లైన్‌లో ఆడే ఆటలను కూడా ఈ కోవలో కలపకండి. తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో నిషేధించాయి. 2025లో కేంద్రం కూడా చట్టం చేసింది.

మొదలుపెట్టాలనుకుంటే?

దీనికోసం వేరే మెయిల్ ఐడీ ఒకటి తెరవండి, ప్రకటనల మెయిళ్లు అటే పోతాయి. సైట్లు రెండో మూడో చాలు. యాప్ అడిగే అనుమతులు చూడండి. సర్వే యాప్‌కు మీ కాంటాక్టులు, మెసేజ్‌లు ఎందుకు? గుంటూరులో కూర్చుని వీపీఎన్‌తో అమెరికాలో ఉన్నట్టు నటిస్తే ఎక్కువ సర్వేలు వస్తాయని చెప్పేవాళ్లుంటారు. పట్టుబడితే పాయింట్లతో సహా ఖాతా మూసేస్తారు. ఆదాయపు పన్ను రిటర్న్ వేసేవాళ్లు సర్వేల మీద వచ్చిన డబ్బును ఇతర ఆదాయంలో చూపించాలి.

అమెరికాలో ఎఫ్-1 వీసా మీద చదువుతున్న మన పిల్లలు మరింత జాగ్రత్తగా ఉండాలి. సొంత కొనుగోలు మీద వచ్చే క్యాష్‌బ్యాక్ ధరలో తగ్గింపు లాంటిది. సర్వేలు, టాస్కులు చేసి తీసుకునేది అనుమతి లేకుండా చేసిన పని కింద లెక్కకు రావచ్చు. పది డాలర్ల కోసం వీసాను ఇబ్బందిలో పెట్టుకోకుండా, ముందు యూనివర్సిటీలోని అంతర్జాతీయ విద్యార్థుల ఆఫీసులో అడగండి.

ఇప్పటికే ఎవరైనా మోసపోయి ఉంటే సిగ్గుపడుతూ కూర్చోవద్దు. వెంటనే 1930కి ఫోన్ చేయాలి, లేదా జాతీయ సైబర్ క్రైమ్ పోర్టల్‌లో ఫిర్యాదు నమోదు చేయాలి. డబ్బు ఇంకా మరో ఖాతాకు మారకముందే కబురందితే బ్యాంకులు దాన్ని ఆపగలవు. లావాదేవీ నంబర్లు, ఏ ఖాతాకు పంపారో ఆ వివరాలు, చాట్ స్క్రీన్‌షాట్లు దగ్గర పెట్టుకోండి. కోపంతో ఆ గ్రూపును తొలగించకండి, పోలీసులకు అది అవసరమవుతుంది.