పోచారం గట్టున పక్షుల లెక్క

పిల్లలూ! దసరానాడు మన ఊళ్లలో చిన్నా పెద్దా అందరూ కొత్తబట్టలు కట్టుకుని జమ్మిచెట్టు దగ్గరికి బయలుదేరుతారు. దారి పొడుగునా అందరి చూపులూ పైనే ఉంటవి. ఎందుకు? పాలపిట్ట కనబడుతుందేమోనని! ఆ రోజున పాలపిట్టను చూస్తే ఏడాదంతా శుభమని మనవాళ్ల నమ్మకం. అది తెలంగాణ రాష్ట్ర పక్షి కూడాను. ఆ ఒక్క సాయంత్రం మనమందరం పక్షులను వెదికేవాళ్లమే. తెల్లవారిందా, ఇక తల ఎత్తి చూసేవారే ఉండరు!

కాని సరిగ్గా ఆ రోజుల్లోనే మన చెరువులకు ఎక్కడెక్కడి నుంచో చుట్టాలు వచ్చి దిగుతుంటవి. బతుకమ్మలను సాగనంపడానికి ఆడవాళ్లు చెరువుగట్టుకు వచ్చే వేళకు, అవతలి ఒడ్డున బురదలో చిన్న చిన్న పిట్టలు తిరుగుతూ ఉంటవి. వాటిలో కొన్ని సైబీరియాలో పుట్టినవి. పిలవకుండా వచ్చిన ఈ చుట్టాలను గురించీ, వాటి లెక్క రాయడం గురించీ ఈ నెల చెప్పుకుందాం.

మెదక్ నుంచి ఎల్లారెడ్డి పోయే దారిలో, మెదక్‌కు సుమారు 15 కిలోమీటర్ల దూరాన పోచారం ఉన్నది. అది ఇప్పుడు కామారెడ్డి జిల్లాలోనిది. అక్కడ ఆలేరు వాగుకు అడ్డంగా నిజాం కాలంలో ఆనకట్ట కట్టారు. 1922 నాటికి ఆ పని పూర్తయింది. ఆ నీటితో పొలాలు పండుతవి. మిగిలిన వాగు మంజీరలో కలుస్తుంది. మంజీర గోదావరిలో కలుస్తుంది. చుట్టూ ఉన్న అడవి ఒకప్పుడు నిజాం ప్రభువు వేటకు వచ్చే చోటు. 1952లో దానిని వన్యప్రాణుల అభయారణ్యం చేశారు. సుమారు 130 చదరపు కిలోమీటర్ల అడవి అది. తుపాకులు పేలిన చోటనే ఇప్పుడు జింకలూ పక్షులూ నిర్భయంగా తిరుగుతున్నవి.

కోరింగ మడ అడవుల దగ్గరా, పులికాట్ సరస్సు ఒడ్డునా ఉండే పిల్లలు వలస పక్షులను సముద్రతీరానే చూడగలరు. మనకు సముద్రం లేదు కదా అని చిన్నబుచ్చుకోకండి. పక్షికి కావలసింది లోతులేని నీరు, మెత్తని బురద. అవి దొరికితే చెరువు ఒడ్డయినా దానికి తీరమే!

ఎవరెవరు ఎప్పుడు వస్తారో చూడండి. భాద్రపదం నాటికే ఉల్లంకి పిట్టలు కనబడతవి. సన్నని కాళ్లు, పొడుగుపాటి ముక్కు. బురదలో పొడుచుకుంటూ పరుగులు తీస్తవి. వాటి వెనుకనే తోక కిందికీ పైకీ ఆడించే కాటుకపిట్టలు, తీగెలమీద బారులు తీరి కూచునే వానకోవెలలు వస్తవి. ఆశ్వయుజ కార్తీకాలలో బాతులు దిగుతవి. సూదివంటి తోక ఉన్న బాతును దూరం నుంచే పోల్చుకోవచ్చు. చలి ముదిరిన తరువాత జక్కవలు వస్తవి. మన కవులు చక్రవాకమని వర్ణించింది ఈ పక్షినే. బంగారు వన్నె ఒళ్లు, కొంచెం తెల్లబారిన తల. అన్నిటికంటె దొడ్డ చుట్టం చారతల బాతు. తెల్లని తలమీద రెండు నల్లని అడ్డచారలు ఉండటం వల్ల దానికా పేరు. ఫాల్గుణం, చైత్రం వచ్చేసరికి దాదాపు అందరూ తిరుగు ప్రయాణం కడతారు.

అక్కడ కనబడేవన్నీ పరదేశులు కావు. ముక్కు మూసినా మధ్యన సందు మిగిలిపోయే నత్తగుల్ల కొంగ మన దేశపు పక్షే. నామాల కోడి, నీటికాకి, లకుముకి, తీతువు మన పొరుగువారు. ముందు పొరుగువారిని బాగా గుర్తుపడితేనే కొత్తగా వచ్చిన చుట్టం ఎవరో తెలుస్తుంది.

ఈ పక్షులు ఎక్కడికి పోయి ఎక్కడి నుంచి వస్తవో పూర్వం ఎవరికీ తెలియదు. గ్రీకు దేశపు మహా పండితుడు అరిస్టాటిలు కూడా చలికాలంలో వానకోవెలలు ఈకలు రాల్చుకుని తొర్రలలో దాక్కుంటవని అనుకున్నాడు. 1822లో జర్మనీలో ఒక కొంగను కొట్టారు. చూస్తే దాని మెడలో దాదాపు 80 సెంటీమీటర్ల పొడుగున్న బల్లెం గుచ్చుకుని ఉన్నది! ఆ బల్లెం ఆఫ్రికావారిది. అంటే ఆ కొంగ ఆఫ్రికాలో దెబ్బ తిని, ఆ బల్లెంతోనే జర్మనీ వచ్చిందన్నమాట. ఆ కొంగను ఇప్పటికీ రోస్టాక్ విశ్వవిద్యాలయంలో భద్రపరచి ఉంచారు.

తరువాత డెన్మార్కులో మోర్టెన్‌సెన్ అనే బడిపంతులుకు ఒక మంచి ఉపాయం తోచింది. 1899లో ఆయన 165 గోరింక జాతి పక్షులను పట్టి, వాటి కాళ్లకు తేలికైన అల్యూమినియం కడియాలు తొడిగి వదిలాడు. కడియం మీద ఒక అంకె, ఊరి పేరు. దూరదేశంలో ఎవరికైనా ఆ పక్షి దొరికితే అది ఎక్కడిదో తెలిసిపోతుంది. ఈనాడు ప్రపంచమంతా ఆ పద్ధతిని అనుసరిస్తున్నది. పెద్ద పక్షుల వీపుకు చిన్న యంత్రాలు కట్టి, ఉపగ్రహాల ద్వారా అవి పోయే దారిని కూడా కనిపెడుతున్నారు.

చారతల బాతు దారి అలాగే తెలిసింది. మంగోలియాలోనూ, టిబెట్టులోనూ, మన లడక్ సరస్సుల దగ్గరా అది గుడ్లు పెడుతుంది. శీతకాలానికి హిమాలయాలను దాటి ఇటు వస్తుంది. దాని బరువు రెండు మూడు కిలోలే. అయినా 7,000 మీటర్లకు పైన ఎగిరిన బాతులను శాస్త్రజ్ఞులు లెక్కకట్టారు. అంత ఎత్తున మనకు దొరికే ప్రాణవాయువు ఇక్కడి దానిలో సగం కూడా ఉండదు. నాలుగు అడుగులు వేస్తేనే మనకు ఆయాసం వస్తుంది. ఆ బాతు నెత్తురుకు పలుచని గాలిలోని ప్రాణవాయువును కూడా గట్టిగా పట్టుకునే శక్తి ఉన్నది. అందుచేతనే అక్కడ కూడా అది రెక్కలు కొట్టగలుగుతుంది.

ఇంత శ్రమ ఎందుకు? చలికి భయపడి మాత్రమే కాదు. ఉత్తరాన మంచు కప్పుకున్నాక పురుగూ దొరకదు, గడ్డీ దొరకదు. పగటి పొద్దు తరగడం మొదలు కాగానే పక్షుల ఒంట్లో మార్పు వస్తుంది. అవి బాగా తిని కొవ్వు పట్టించుకుంటవి, అదే దారిబత్తెం. ఒక విచిత్రం వినండి. చారతల బాతు పిల్లలు తల్లిదండ్రుల వెంట ఎగిరి దారి నేర్చుకుంటవి. ఉల్లంకులలో చాలా జాతుల పెద్దపక్షులు ముందే బయలుదేరిపోతవి. ఆ ఏడు పుట్టిన పిల్లలు, దారి చూపేవారు ఎవరూ లేకుండానే తరువాత వస్తవి!

ఇక చెరువు సంగతి. వానకాలంలో పోచారం నిండి మత్తడి దుంకుతుంటే చూడటానికి జనం తిరునాళ్లకు వచ్చినట్టు వస్తారు. కాని ఉల్లంకికి ఆ నిండు చెరువు పనికిరాదు. దాని కాళ్లు మునిగిపోతే అది ఎక్కడ మేస్తుంది? నీరు కొంచెం కొంచెంగా తీసి, శిఖం భూమి అంచున తడి బురద బయట పడితేనే దానికి విందు. తూములు తెరిచి యాసంగి పొలాలకు నీరు వదిలిన కొద్దీ ఒడ్డు లోపలికి జరుగుతుంది. పక్షులు కూడా దానితోపాటే జరుగుతవి. పొట్టి ముక్కు పిట్ట పైపైన ఏరుకుంటుంది, పొడుగు ముక్కుది లోతుగా గుచ్చుతుంది. ఒకే బురదలో ఎవరి అన్నం వారిదే!

2025 ఆగస్టు చివర కామారెడ్డి, మెదక్ ప్రాంతాలలో కుంభవృష్టి కురిసి పోచారానికి మహా వరద వచ్చింది. అలాంటి ఏడాది నీరు ఆలస్యంగా తీస్తుంది, బురద ఆలస్యంగా తేలుతుంది. అప్పుడు ఒడ్డున ఉల్లంకులు కనబడకపోతే, అవి నశించినవని అనరాదు. మరొక చెరువుకు పోయి ఉండవచ్చు. కనుక పక్షి రాలేదని రాయడం సగం పనే. ఆనాడు నీరు ఎక్కడిదాకా ఉన్నదో రాయడం మిగతా సగం.

ఆ లెక్క ఎలా రాయాలో చెబుతాను. ఒక నోటుబుక్కు, ఒక పెన్సిలు చాలు. రోజూ ఒకే వేళకు, ఒకే దారిన, ఒకే దూరం నడవాలి. ఒకనాడు గంటా, మరొకనాడు పది నిమిషాలూ చూస్తే రెండు లెక్కలనూ పోల్చలేము. నీటి దగ్గరికి ఒంటరిగా పోవద్దు. ఇంట్లో పెద్దవారినెవరినైనా వెంట తీసుకుపొండి. మాదిరికి మూడు రోజుల లెక్క చూడండి.

మొదటి రోజు: ఉదయం ఆరున్నర నుంచి ఏడున్నర. మబ్బు. నీరు తుమ్మచెట్టు మొదలు దాకా ఉన్నది. ఉల్లంకులు 7, కాటుకపిట్టలు 3. బాతులు లేవు.

రెండవ రోజు: అదే వేళ. సన్నని వాన. నీరు అక్కడనే. ఉల్లంకులు 2. పేరు తెలియని పిట్ట 1: కాళ్లు పచ్చన, ఎగిరితే నడుము తెల్లన. బాతులు లేవు.

మూడవ రోజు: అదే వేళ. ఎండ. నీరు రెండు బారలు వెనక్కు తీసింది. ఉల్లంకులు 16, సూదితోక బాతులు 40 దాకా.

ఇందులో మూడు సంగతులు గమనించండి. పేరు తెలియని పిట్టకు ఊహించి పేరు పెట్టలేదు. దాని గుర్తులు రాశాము. బాతులను ఒక్కొక్కటిగా లెక్కపెట్టలేకపోతే పదింటిని లెక్కించి, అంతంత గుంపులు ఎన్ని ఉన్నవో చూసి, ‘దాకా’ అని రాశాము. బాతులు లేని రోజున ‘లేవు’ అని రాశాము. ఈ మూడవది అన్నిటికంటె ముఖ్యం. ఏమీ కనబడని రోజున పుస్తకం మూసిపెట్టి, గుంపులు వచ్చిన రోజునే రాస్తే, ఆ పుస్తకం చదివినవారు పోచారంలో ఎప్పుడూ గుంపులే ఉంటవని అనుకుంటారు. అది అబద్ధం చెప్పినట్టే కదా?

పిల్లల పుస్తకం ఎవరికి పనికివస్తుందని అడుగుతారేమో. 1931–32లో సలీం ఆలీ గారు హైదరాబాదు సంస్థానమంతా తిరిగి, ఏ పక్షి ఎక్కడ కనబడిందో రాశారు. ఆనాటి రాత ఉండబట్టి ఈనాటి వారు పోల్చి చూడగలుగుతున్నారు. 1987 నుంచి మన దేశంలో ఏటా జనవరి నెలలో నీటిపక్షుల గణన జరుగుతున్నది. 2023లో దేశపు పక్షుల స్థితిని గురించి ఒక పెద్ద నివేదిక వచ్చింది. 30,000 మందికి పైగా మామూలు మనుషులు తాము చూసింది చూసినట్టు రాసి పంపిన మూడు కోట్ల పరిశీలనలే దానికి ఆధారం. అందులో 942 జాతులను పరీక్షించారు. దూరదేశాల నుంచి వలస వచ్చే పక్షులు బాగా తగ్గినవని తేలింది.

ఇంకొక సంగతి వింటే మీకు ఆశ్చర్యం కలుగుతుంది. తగ్గిపోతున్న పక్షులలో మన పాలపిట్ట కూడా ఉన్నది! ఊరూరా ఉన్నదే కదా అని ఎవరికీ అనుమానం రాలేదు. దసరానాడు ఒక్కటి కనబడితే చాలునని ఇంటికి పోయినవారికి అది ఎలా తెలుస్తుంది? ఏడాది పొడుగునా చూసి, కనబడిన రోజునా కనబడని రోజునా రాసినవారి వల్లనే ఆ సంగతి బయటపడింది. దాని స్థితిని మళ్లీ పరీక్షించాలని ఆ నివేదిక కోరింది. కొందరు పండుగనాడు పాలపిట్టను పట్టి, పంజరంలో పెట్టి, డబ్బులు తీసుకుని చూపిస్తుంటారు. అది 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం. అలాంటి చోట పైసా ఇవ్వకండి. స్వేచ్ఛగా తీగెమీద కూచున్న పిట్టను చూస్తేనే శుభం.

పోచారానికి పోయినప్పుడు పక్షుల దగ్గరికి ఉరకకండి, రాళ్లు విసరకండి, అరవకండి. మీరు లేపిన ప్రతిసారీ ఆ పక్షి దారిబత్తెంలో కొంత ఖర్చు అయిపోతుంది. మళ్లీ మేసి కూడబెట్టుకోవాలి. తిన్న పొట్లాలూ ప్లాస్టిక్ సంచులూ గట్టున వదలకుండా ఇంటికి తెచ్చుకోండి.

పోచారం దూరమైతే మీ ఊరి చెరువు లేదా? కుంట లేదా? ఈ భాద్రపదంలోనే పుస్తకం మొదలుపెట్టండి. మొదటి పేజీలో మీ పేరు, ఊరి పేరు, చెరువు పేరు రాసుకోండి. మొదటి రోజున ఏమీ కనబడకపోతే నిరుత్సాహపడకండి. వేళా, నీటి గుర్తూ వేసి, ‘ఏమీ లేవు’ అని స్పష్టంగా రాయండి. మీ లెక్కలో మొదటి నిజం అదే అవుతుంది.