తారిణి, తురీయ... మీరైతే ఏ పడవ ఎక్కుతారు?

ఒకే షిప్‌యార్డు, ఒకే ఏడాది, రెండు తెరచాప పడవలు. 2017లో గోవాలోని అక్వేరియస్ షిప్‌యార్డు నుంచి నీళ్లలోకి దిగినవే ఈ రెండూ. రెండింటి లక్ష్యమూ ఒక్కటే... గాలిని నమ్ముకుని భూగోళం చుట్టి రావడం. కానీ పక్కపక్కన పెడితే ఏనుగుకీ గుర్రానికీ ఉన్నంత తేడా! ఏది మంచిదని అడిగితే ఠక్కున ‘పెద్దదే’ అనేస్తాం. అసలు అడగాల్సింది వేరే: వెళ్లేది ఎంతమంది, ఎటు, ఎన్నాళ్లు?

ఆరుగురి ఇల్లు

తారిణి మన నౌకాదళానిది. పొడవు 56 అడుగులు. తెరచాపలు కట్టే స్తంభాన్ని మాస్ట్ అంటారు. తారిణికి ఉన్నది ఒకటే, కానీ ఎత్తు 25 మీటర్లు. అంటే ఎనిమిదంతస్తుల మేడంత! ఇలా ఒకే మాస్ట్ ఉండే పడవని ‘స్లూప్’ అంటారు. 2017 సెప్టెంబరు 10న ఆరుగురు మహిళా అధికారులు గోవా నుంచి ఇందులోనే బయల్దేరారు. 21,600 నాటికల్ మైళ్లు తిరిగి, 254 రోజుల తర్వాత 2018 మే 21న ఇల్లు చేరారు. వాళ్లలో ఇద్దరు మనవాళ్లే. విశాఖ అమ్మాయి పి.స్వాతి, హైదరాబాద్ అమ్మాయి బి.ఐశ్వర్య.

ఒంటరి ప్రయాణానికి

తురీయ పొడవు 32 అడుగులే. ఇది ‘సుహైలి’ అనే పాత పడవకి నకలు. ముంబయిలో తయారైన ఆ సుహైలిలోనే రాబిన్ నాక్స్ జాన్‌స్టన్ ఒంటరిగా, ఎక్కడా ఆగకుండా 312 రోజుల్లో ప్రపంచాన్ని చుట్టి 1969లో చరిత్ర సృష్టించాడు. తురీయకి రెండు మాస్టులు. ఈ రకాన్ని ‘కెచ్’ అంటారు. 2018 గోల్డెన్ గ్లోబ్ రేస్ కోసం నేవీ కమాండర్ అభిలాష్ టామీ ఎంచుకున్న పడవ ఇది. ఆ రేసులో దారి చూసుకోవడానికి జీపీఎస్ వాడకూడదు. కాగితం మ్యాపులు, సూర్యుడు, నక్షత్రాలే దిక్కు.

వేగమా, సులువా?

ఇలాంటి పడవలకు వేగం పొడవుని బట్టే వస్తుంది. నీటిని తాకే భాగం 28 అడుగులుంటే గరిష్ఠ వేగం సుమారు 7 నాట్లు. అదే 50 అడుగులైతే తొమ్మిదిన్నర దాకా పోవచ్చు. తేడా సైకిల్ వేగమంత కూడా లేదు కదా అనుకోకండి. రోజుకి 24 గంటలూ నడిచే బండి ఇది. నెలల ప్రయాణంలో అదే వారాల తేడా అవుతుంది. సరుకులకీ, నిద్రకీ చోటు కూడా ఎక్కువే.

మరి పెద్దదే తీసుకోవచ్చుగా? అక్కడే ఉంది చిక్కు. అదే ఆకారంలో పొడవు రెట్టింపైతే తెరచాప వైశాల్యం నాలుగింతలు, బరువు ఎనిమిదింతలు అవుతుంది. అర్ధరాత్రి తుపాను గాలిలో ఆ చాపని దించాల్సింది చేతులే. కెచ్‌లో చాపలు చిన్న చిన్నవిగా విడిపోయి ఉంటాయి కాబట్టి ఒక్కరికీ అందుబాటులో ఉంటాయి. కాకపోతే తాళ్లు, బిగింపులు ఎక్కువ. పాడయ్యేవీ ఎక్కువే.

అలాగని తారిణికి ఆరుగురు తప్పనిసరా అంటే, కాదు. 2024-25లో దిల్నా, రూప అనే ఇద్దరు అధికారులే దాన్ని ప్రపంచం చుట్టూ తిప్పుకొచ్చారు. దాని వెనక మూడేళ్ల శిక్షణ ఉంది.

తుపాను చెప్పిన పాఠం

2018 సెప్టెంబరు 21. దక్షిణ హిందూ మహాసముద్రంలో తుపాను తురీయని బోర్లా తిప్పేసింది. మాస్ట్ విరిగింది. అభిలాష్ వెన్నెముకకి దెబ్బ తగిలింది, కదల్లేని పరిస్థితి. ఫ్రెంచ్ నౌక ఒసిరిస్ వచ్చి కాపాడేసరికి మూడు రోజులైంది. అదే తుపానులో ఐర్లాండ్ నావికుడు గ్రెగర్ మెక్‌గకిన్ నడుపుతున్న ఇంకాస్త పెద్ద పడవకీ మాస్ట్ విరిగింది. అంటే తప్పంతా పడవ సైజుది కాదు. కానీ ఒంటరి పడవలో ఒక్కరు పడిపోతే సిబ్బంది మొత్తం పడిపోయినట్టే. తారిణికీ తిరుగు ప్రయాణంలో స్టీరింగ్ దెబ్బతింది. అయితే అందులో ఆరుగురున్నారు, ఆగే వీలూ ఉంది. మారిషస్‌లో ఆగి, బాగు చేసుకుని బయల్దేరారు.

కోలుకున్నాక అభిలాష్ ఏం చేశారో తెలుసా? 2022 రేసుకి పడవ మార్చారు. ఈసారి ఒకే మాస్ట్ ఉన్న రస్ట్‌లర్ 36. రేసు నిబంధనల ప్రకారం పడవ 32 నుంచి 36 అడుగుల మధ్యే ఉండాలి. ఒక్కడి చేతికి అందే హద్దులోనే కాస్త పెద్దది ఎంచుకున్నారన్నమాట. 236 రోజుల్లో ప్రపంచం చుట్టి, 2023 ఏప్రిల్ 29న రెండో స్థానంలో గమ్యం చేరారు.

మీ లెక్క ఇదీ...

*స్నేహితులతో వెళ్తూ రేవు రేవుకీ ఆగుతారా? చోటు, వేగం ఉన్న స్లూప్ హాయి.*

*ఒక్కరో ఇద్దరో అయితే? చీకట్లో, వానలో, మీరొక్కరే దించగలిగే తెరచాప ఎంతో చూసుకోండి. పడవ సైజుకి అదే కొలత.*

*ఏదైనా విరిగితే నడిసముద్రంలో మీరే బాగు చేసుకోగలరా? చేతకాని సౌకర్యం ప్రతిదీ అక్కడ అదనపు బరువే.*

ఈ మూడిటికీ జవాబు చదివితే రాదు, నడిపితేనే వస్తుంది. హుస్సేన్‌సాగర్‌లో ఒక్కరే నడిపే చిన్న పడవల మీద సెయిలింగ్ నేర్పుతున్నారు. అక్కడ నాలుగుసార్లు తడిస్తే, మీ చేతులకు ఏ పడవ సరిపోతుందో అవే చెబుతాయి.